గని దగ్గు

జనార్దన్ తాండూరులో పోస్టాఫీసు పొదుపు పత్రాలు అమ్మిపెట్టే ఏజెంటు. ఎవరు సలహాకు వచ్చినా ముందు ప్రశ్నలు అడిగేవాడు. ఇంట్లో ఎంతమంది, భూమి ఎంత, అప్పులున్నాయా, రోగాలున్నాయా. జవాబులన్నీ విన్నాకే నోరు విప్పేవాడు.

1959 ఎండాకాలంలో యాలాల్ నుంచి ఎల్లప్ప, అతని భార్య బీరమ్మ వచ్చారు. ఎల్లప్ప నాపరాతి గనిలో బండలు కొడతాడు. తండ్రి ఇంట్లో వాటా అమ్మిన డబ్బు తెచ్చాడు. పోస్టాఫీసులో వెయ్యాలా, వానకే పండే తన చెలకలో బావి తవ్వాలా?

"రోగమేమన్న ఉందా?" అడిగాడు జనార్దన్.

"నాకేం రోగం సారూ! ఇద్దరు లేపే బండ ఒక్కన్నే లేపుత," అని ఎల్లప్ప దగ్గాడు.

"బండనే గాదు, రాత్రంత దగ్గి వాడకట్టునంత లేపుతడు," అంది బీరమ్మ.

ముగ్గురూ నవ్వారు. గనికి పోయేవాళ్లలో దగ్గనివాడెవడు? జనార్దన్ తండ్రి కూడా గనిలో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. ఇంట్లో దాన్ని గని దగ్గు అన్నారు. రోగం అనలేదు.

"బావి తవ్వు. నీ రెక్కలు గట్టిగున్నయి," అన్నాడు జనార్దన్. ఆ మాటతో తన కమీషన్ పోయింది. అయినా అదే సరైన సలహా అనుకున్నాడు.

తవ్వుతుంటే బావిలో రాయి తగిలింది. దాన్ని పేల్చే మందుగుండుకు డబ్బంతా అయిపోయింది. కూలి మిగులుతుందని ఎల్లప్ప తానే దిగి తవ్వాడు. చలికాలానికి నెత్తురు కక్కాడు. వికారాబాద్ దవాఖానలో చేర్చేసరికే ఆలస్యమైంది. నీళ్లు పడకముందే పోయాడు.

మరుసటేడు బీరమ్మ ఒక్కతే వచ్చింది. బావితో సహా చెలక అమ్మేసింది.

"ఈసారన్న మంచిగ చెప్పు సారూ," అంది.

జనార్దన్ తలెత్తలేదు. మళ్లీ అవే ప్రశ్నలు అడిగాడు.

"పనేం చేస్తున్నవ్?"

"గనిలనే. బండలు మోస్తున్న."

"రోగం?"

"ఏం లేదు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

జనార్దన్ కలం కింద పెట్టాడు. "బీరమ్మా, ఆ దగ్గు ఎప్పటిసంది?"

"గని దగ్గే గద సారూ."

"గీ పైసలు యాడ పెట్టకు. రేపు పొద్దుగాల వికారాబాద్ పోదాం. నేనొస్త."

"మా ఆయన్ని తోల్కపోలేదా? ఏమొచ్చింది?" బీరమ్మ కొంగుముడి విప్పి డబ్బు అతని ముందుకు తోసింది. "ఇవి పోరగాండ్లయి. పోస్టాఫీసుల ఎయ్యి."

అతను మళ్లీ చెప్పి చూశాడు. ఆమె వినలేదు. చివరికి కలం తీసుకుని పిల్లల పేర్లు చెప్పమన్నాడు.

ఆమె చెప్పింది. రెండో పేరు దగ్గర ఆమె దగ్గు తగ్గేదాకా అతను చాలాసేపు ఆగవలసి వచ్చింది.