ఆరో రివెట్

కాపురానికొచ్చిన పదహారేళ్లలో మా మావయ్యగారి నోట "పొరపాటైంది" అన్న మాట నేను వినలేదు. యుద్ధవిమానాల మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. నేను బిగించిన సీసా మూత కూడా మళ్లీ తిప్పి చూసి, "ఇంకో పావు చుట్టు తిరగాలమ్మాయ్" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి మనిషిని ఆ ఉదయం కారులో ఒక పాత ఎయిర్‌ఫీల్డుకి తీసుకెళ్లాను. దాని చివర నడుములోతు గడ్డిలో మూడు జెట్లున్నాయి. ఒకే రకం, ఒకే బూడిద రంగు. వాటిలో ఒకటి ఆయన పదకొండేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నది. యుద్ధానికి ఇరవై రెండుసార్లు వెళ్లి, ఇరవై రెండుసార్లూ తిరిగొచ్చింది. తర్వాత కొత్త పైలట్లకు ఎగరడం నేర్పింది. ఆఖరికి దాన్ని ఎండకూ వానకూ వదిలేశారు. ఇప్పుడు దాన్నొక్కదాన్నీ మ్యూజియం తీసుకుంటానంది. ఏది అదో తేలితేనే. నంబరు పలకలు ఎప్పుడో ఊడబీకేశారు, రికార్డులు చెదలు తినేశాయి.

"పన్నెండింటికి కోత మొదలుపెడతారు. రుజువు దొరక్కపోతే మూడూ తుక్కుకే," అంది మ్యూజియం ఆఫీసరమ్మ.

ఒకప్పుడు దాన్ని నడిపిన పైలట్ సారు చేతికర్రతో మధ్యదాన్ని చూపించారు. "ఇదే! మా ఆవిణ్నైనా పోల్చుకోలేనేమో గానీ దీన్ని పోల్చుకోలేనా?"

"ఆ మాట ఫైల్లో రాయలేం కదా సార్."

మావయ్యగారు మూడింటి కిందా దూరి చూశారు. మూడోదాని ఎడమ రెక్క కింద ఆగి, వేళ్లతో తడిమి, నావైపు తిరిగారు. దొరికిపోయిన దొంగ ముఖం.

"అమ్మాయ్, నువ్వు కాస్త కారు దగ్గరికెళ్తావా?"

"వెళ్లను," అన్నాను.

ఆయన ఆఫీసరమ్మ వైపు తిరిగారు. "ఇక్కడ రంగు గీకండి. మూడింటికీ ఈ చోట అతుకు వేశాం. అతుకు రేకుని పట్టి ఉంచడానికి ఈ పక్కన ఐదు రివెట్లుండాలి. దీనికి ఆరుంటాయి. గంటలో ఎగరాలని తొందరపెడితే ఒక రంధ్రం తప్పుచోట వేశాను. అందులోనూ ఓ రివెట్ కొట్టేసి, రంగు పూసేసి, రిజిస్టర్లో 'అంతా సవ్యం' అని సంతకం పెట్టాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు. పొరపాటైంది."

ఆఫీసరమ్మ బ్లేడుతో గీకింది. ఆరు. ఆరోది వరుస తప్పిన పన్నులా పక్కకి ఉంది. మిగతా రెండింటికీ గీకి చూసింది. ఐదే.

పైలట్ సారు కర్ర నేలకేసి కొట్టారు. "అయితే నువ్వు కప్పెట్టిన బొక్కతో నేను యుద్ధానికెళ్లానన్నమాట!"

"తిరిగొచ్చారు కదా సారూ."

"మరి నేను చూపించింది?"

"అందులో మీరు ఒక్కసారి కూడా కూర్చోలేదు సారూ."

ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నాకూ నవ్వాగలేదు. పదహారేళ్లలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఆ ఒక్కదాన్నీ కోయొద్దని ఫోన్ చేయడానికి ఆఫీసరమ్మ అటు వెళ్లిందో లేదో, గ్యాస్ కట్టర్లతో లారీ దిగింది. కోత కోసేవాళ్లు దగ్గరగా ఉన్నదాని మీదికే నడిచారు. అది మూడోదే. మావయ్యగారు గడ్డిలో పడుతూ లేస్తూ పరిగెత్తి, దాని ముక్కు కింద రెండు చేతులూ చాపి నిలబడ్డారు. ఫీల్డంతా వినపడేలా అరిచారు.

"దీని జోలికి రాకండి! ఇది నేను తప్పు చేసిన విమానం!"