చక్కర్

మా అమ్మకు అబద్ధం చెప్పడం రాదు. చుట్టాలింట్లో భోజనం పెట్టి కూర ఎలా ఉందని అడిగితే, "ఉప్పెక్కువైంది" అని వాళ్ల ముఖం మీదే చెప్పి మజ్జిగ పోసుకునే మనిషి. అలాంటిది, పోయిన నెల ప్రగతి నగర్ నుంచి ఒక్కతే రెండు బస్సులు మారి మాదాపూర్ వెళ్లి, ఒక డాక్టరుకు అబద్ధం చెప్పి వచ్చింది. నా కోసం.

నేను ఇరవై ఏళ్లు ఎయిర్ ఫోర్స్‌లో యుద్ధ విమానాలు నడిపాను. ఒక్కడే కూర్చుని నడిపే విమానాలు. కిందటేడు జనవరిలో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు, ఒక పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే పడిపోయాను. కళ్లు తెరిచేసరికి తల అమ్మ ఒళ్లో ఉంది, ముఖమంతా నీళ్లు. "ఏం లేదమ్మా, ఎండకు" అన్నాను. జనవరిలో ఎండేంటని ఆమె అడగలేదు. నా భార్య జ్యోత్స్న అప్పటికే కోకాపేటలో ఆఫీసుకు వెళ్లిపోయింది. ఆమెకు చెప్పలేదు. ఎయిర్ ఫోర్స్‌కూ చెప్పలేదు. చెబితే ఆ రోజే విమానం నుంచి దించేస్తారు, మళ్లీ ఎక్కనిస్తారో లేదో తెలియదు.

ఆ తర్వాత ఒక్క రోజు కూడా నేను మనస్ఫూర్తిగా ఎగరలేదు. పైన ఉన్నంతసేపూ ఇప్పుడు పడితే, ఇప్పుడు పడితే అనే ఆలోచనే. చివరికి ఉద్యోగం వదిలేస్తానని కాగితాలు పెట్టాను. పిల్లదాని చదువు, ఒకే ఊళ్లో ఉండడం, ఇలా అందరికీ చెప్పుకోవడానికి కారణాలు బోలెడు దొరికాయి. అసలు కారణం ఒక్కటే. ఎయిర్‌లైన్ విమానంలో పక్క సీట్లో ఇంకో పైలట్ ఉంటాడు.

ఎయిర్‌లైన్ వాళ్లు ఇంటర్వ్యూ చేశారు, సిమ్యులేటర్‌లో పరీక్ష పెట్టారు, ఉద్యోగం ఇస్తామన్నారు. యూనిఫాం కొలతలు కూడా తీసుకున్నారు. అమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు, ఆయన పోయి ఆరేళ్లయింది.

"మీ నాయన తిరుపతి బస్సు మీద ఉన్నన్ని దినాలు ఇద్దరు డ్రైవర్లుండేటోళ్లు" అంది అమ్మ. "ఒకలు పండుకుంటే ఒకలు తోలేటోళ్లు. గిదీ గంతే గద? ఇగ నాకు ఫికర్ లేదు."

ఆమె ఏ దిగులు గురించి అంటోందో నాకు తెలుసు. తెలియనట్టు నవ్వాను.

మిగిలింది మెడికల్ ఒక్కటే. పరగడుపున రక్తమివ్వాలంటే అమ్మ నన్ను ఒంటరిగా పోనివ్వలేదు. డబ్బాలో సర్వపిండి పెట్టుకుని బయల్దేరింది. "రక్తమిచ్చినంక కడుపుల ఏమన్న పడాలె" అని కార్లో మూడుసార్లు అంది. నలభై రెండేళ్లవాణ్ణి, మొన్నటిదాకా వింగ్ కమాండర్ని, అమ్మ చేతి డబ్బాతో ఆసుపత్రికి వెళ్లాను.

నన్ను చెవుల పరీక్ష గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఈలోగా బయట పుణ్యవతి అనే నర్సు నా ఫారం నింపుతూ అమ్మను పలకరించింది. ఆ అమ్మాయిది భీమవరం.

"అమ్మగారూ, మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అండి?"

"ఎవ్వలకు లేదమ్మా. గీనికే పోయినేడు ఒకపారి చక్కరొచ్చింది."

హైదరాబాదులో చక్కరొచ్చిందంటే తల తిరిగిందని. భీమవరం చెవికి అది చక్కెర. "అయ్యో, ఈ వయసులోనే వచ్చేసిందా అండి!" అంటూ ఆ అమ్మాయి ఫారంలో షుగర్ అని రాసేసింది. ఆ గంటలో నేను చిన్న చప్పుడు కూడా వదలకుండా విని బటన్ నొక్కాను. వినాల్సిన మాట మాత్రం గోడ అవతల జరిగిపోయింది.

మెడికల్ చేసే డాక్టరు గారు కూడా ఒకప్పుడు ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసినవారే. రిపోర్టులు చూసి హాయిగా నవ్వారు.

"రవీందర్, నీ షుగర్ నా షుగర్ కంటే బాగుంది. మరి ఫారంలో ఇలా ఎవరు రాశారు?"

"మా అమ్మ ఏదో అని ఉంటుంది సార్" అని నేనూ నవ్వాను. "పిలిచి అడగండి."

పిలవమన్నది నేనే. ఇది ఎవరి మీదికీ నెట్టలేను.

అమ్మ డబ్బా చేత్తో పట్టుకునే లోపలికి వచ్చింది. డాక్టరు గారు అడగ్గానే నుదురు కొట్టుకుని నవ్వింది. "చక్కెర గాదు సారూ, చక్కర్! చక్కర్!" అని గాలిలో వేలు గుండ్రంగా తిప్పి చూపించింది. తలుపు దగ్గర పుణ్యవతి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్ద డాక్టరుకు ఒక మాట అర్థం చేయించానన్న ఉత్సాహంలో అమ్మ ఆగలేదు.

"కండ్లు తేలేసి పడ్డడు సారూ. చేతులు గిట్ల గిట్ల కొట్టుకున్నయి. ఎంత పిలిచినా పలుకలే. పొయ్యి మీద పాలు పెట్టిన, అవి పొంగి పొయ్యంత పారినంక లేచిండు."

చేతులు కొట్టుకున్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరు గారు నవ్వడం మానేశారు. "మీరు బయట కూర్చోండమ్మా" అన్నారు మెల్లిగా. తలుపు మూసుకున్నాక నా వైపు తిరిగారు.

"నిజమేనా?"

"నిజమే సార్."

"ఎక్కడా చెప్పలేదా?"

"లేదు సార్."

"నీ వెనక నూట ఎనభై మంది కూర్చుంటారు రవీందర్."

"పక్కన ఇంకో పైలట్ ఉంటాడు కదా సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ మాట ఆ నూట ఎనభై మందికీ చెప్పే ఎక్కిస్తావా?"

తలకు వైర్లు పెట్టి పరీక్షలు చేశారు, స్కాన్లు తీశారు. మూడు వారాల తర్వాత, అది మూర్ఛేనని, విమానం నడపడానికి పనికిరానని కాగితం ఇచ్చారు. ఎయిర్‌లైన్ వాళ్లు మర్యాదగా ఉత్తరం రాసి తప్పుకున్నారు. ఎయిర్ ఫోర్స్ నుంచి నేనే బయటికి వచ్చాను, వెనక్కి పోయే దారి లేదు. ఆకాశంలో నాకు ఇక ఏ పనీ లేదు. ఆ రోజు కారు పార్కింగ్‌లో స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

అమ్మకు మాత్రం ఉద్యోగాలు కొన్నాళ్లు ఆపారని చెప్పాను. నిజం తెలిసింది జ్యోత్స్న వల్ల. పడిన సంగతి తన దగ్గర కూడా దాచానని ఆమెకు కోపం. ఆ కోపం నా మీద, తగిలింది అమ్మకు. "మీరు ఆ ఒక్క మాట అనకపోతే ఇయ్యాల యూనిఫాం ఏసుకునేటోడు అత్తమ్మా" అనేసింది. అని, వెంటనే అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు.

తెల్లారి పదకొండింటికి డాక్టరు గారు ఫోన్ చేశారు.

"మీ అమ్మగారు వచ్చారు. ఆ రోజు తను చెప్పింది చక్కర్ కాదట, చక్కెరేనట. అది కూడా తనకేనట. 'నా కొడుకు ఎన్నడు పడలే సారూ, ముసల్దాన్ని, మాట ఎటమటమైంది, గా రాసింది కొట్టెయ్యి' అంటున్నారు. కూర్చోమంటే కూర్చోవడం లేదు." గొంతు తగ్గించారు. "కొట్టేస్తానమ్మా అన్నాను. ఇంకేమనాలో తోచలేదు. వచ్చి తీసుకెళ్లు."

కార్లో అమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక జ్యోత్స్న టీ పెడితే తన గ్లాసు వెనక్కి జరిపింది.

"నాకు చక్కెర ఎయ్యకు బిడ్డా. నాకు షుగరుంది."

రోజూ మూడు చెంచాల చక్కెర వేసుకునే మనిషి. షుగర్ లేదు, ఎప్పుడూ లేదు. ఆ రోజు నుంచి చప్పటి టీయే తాగుతోంది. ఎవరైనా అడిగితే, "షుగరు మనిషిని" అంటుంది. అన్న మాట నిలబడాలి కదా. గుటక గుటకకూ ముఖం చిట్లించుకుంటుంది. అబద్ధం ఆడటం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

ఇవాళ పొద్దున చూడలేక, ఆమె గ్లాసులో నేనే ఒక చెంచా వేయబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. డాక్టరు సారు కొట్టేస్తనన్నడు గద. మల్ల ఎవలన్న ఇంటికొచ్చి అడిగితే? నీ ఉద్యోగం కాగితం రానీ, గప్పుడు తాగుత."

కాగితం రాదని చెప్పాలి. పడ్డ సంగతి నువ్వు కాదమ్మా, నేను చెప్పాల్సింది, ఎప్పుడో చెప్పాల్సింది అని కూడా చెప్పాలి. నోరు తెరిచాను.

"ఎన్నడొస్తదంట?" అంది అమ్మ.

"వస్తదమ్మా" అన్నాను.

మా ఇంట్లో అబద్ధాలు చెప్పడం బాగా వచ్చింది నాకే.