జంగు పట్టని జాలి

జంగంటె, గదే ఇనుము తుప్పంటె, మా మగ్గాలోళ్లకు ఎంత బుగులో మీకు తెల్వదు. బట్ట మీద గోరంత జంగు మరక పడ్డదనుకో, సేటు బట్ట తాను మొత్తం తెచ్చి మొఖాన కొడ్తడు. సిరిసిల్లకు కాపురానికి అచ్చినంక మా అత్త ఇంద్రమ్మ నాకు నేర్పిన మొదటి పని గదే. ఇనుము ఏడ కనవడ్డా తుడుసుడు, నూనె రాసుడు. అందుకే జగిత్యాలల శంకరయ్య వెల్డింగు దుకాణంల పొయ్యి మీదికి తీసిన నల్ల ఇనుప జాలి చూడంగనే నేను మొఖం తిప్పుకున్న.

అప్పటికి మా ఆయన బాలకిషన్ మగ్గం ఇడిసి రెండు నెలలు. ఇరవై ఆరేండ్లు దూది నూగు మింగిన మనిషి. రెండు మెట్లెక్కితె ఆగుడు, రెండు మాటలు మాట్లాడితె ఆగుడు. డాక్టరు ఫొటో తీయించి చూసి, "ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నయి. గా సగమన్న కాపాడుకో. మగ్గాల షెడ్డు మొఖం చూడకు" అన్నడు. ఇగ నా ఫికరంత గా సగం మీదనే. పండుకున్నా చెవులు ఆయన ఛాతి దిక్కే ఉండేటియి.

మా అమ్మగారూరు కోరుట్ల. ఆడ ఇంటికొకలు దుబాయి పోయచ్చినోళ్లే. బొగ్గుల మీద కాల్చిన కోడంటె పానం ఇడుస్తరు. మా ఆయనది మంచి చెయ్యి, మా గల్లిల పెండ్లైతె కోడికూర ఆయనే వండాలె. బస్టాండు దగ్గర ఒక షట్టరు కిరాయికి తీసుకున్నం. ఆదివారం మొదలువెడ్తమని కోరుట్ల అంత చెప్పుకచ్చిన. పొయ్యి శంకరయ్య చేసిచ్చిండు. దాని మీదికి జాలి ఒక్కటే తక్కువ.

శంకరయ్యకు డెబ్బై ఏండ్లుంటయి. నల్ల జాలిని రెండు చేతులతోని లేపి నా ముంగట వెట్టిండు. "గిది పోత ఇనుము బిడ్డా. బరువుంటది. వేడి వట్టిందంటె ఇడువది, తునక మీద మంచి గీతలు వడ్తయి. నూనె రాసి నాలుగుసార్లు కాల్చినవంటె మీ ఇంట్ల రొట్టెల పెంక లెక్క ఐతది."

"అదంత సరే కాకా. జంగు వడ్తదా, పట్టదా? గది చెప్పు."

"తడిమీద ఇడిస్తె వడ్తది. తుడిస్తె పట్టది."

"ఓయమ్మా! ఇరవై ఏండ్లు తుడిసిన. ఇంక తుడుసుడేనా నా బతుకు?"

రెండోది స్టీలు కడ్డీలది. గది కరీంనగర్ నుంచి రావాలె, ఆదివారం దాటినంక బుధవారం దాక ఆగుమన్నడు. నేను ఆగుతనా? మూడోది నేనే చూసిన. దొడ్డు తీగె జాలి, గోడకు ఆనిచ్చి ఉంది. తెల్లగ, వెండిగిన్నె లెక్క మెరుస్తుంది.

"గంత మంచిది ఎన్క దాచిపెట్టినవేంది కాకా?"

"అది జీఐ బిడ్డా. ఇనుము మీద జింకు పూత. కోళ్లగూడుకు పనికస్తది. జంగు పట్టది గని బొగ్గుల మీద పెట్టద్దు."

"గట్లనా? కోడి బతికుంటె పనికస్తది, సచ్చినంక పనికిరాదా?"

మా ఆయన నవ్విండు. నవ్వంగనే దగ్గచ్చింది. శంకరయ్య నవ్వలె.

"మస్తు మాట్లాడుతవు గని జర ఇను. మంటకు గా పూత పొగై లేస్తది. పూత గీకకుంట వెల్డింగు చేసి రెండుసార్లు సలిజరంతోని మంచం వట్టిన. నాకు గట్టి ఊపిరుండె, లేసిన." అనుకుంట మా ఆయన దిక్కు చూసిండు.

గా చూపుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముసలోడు తన నల్లజాలి అమ్ముకునేటందుకు మా ఆయన రోగాన్ని అడ్డం వెడ్తుండనుకున్న. "నువ్వియ్యకుంటె జగిత్యాలల ఇంకో దుకాణమే లేదా" అని మొఖం మీదనే అనేసి ఎల్లిన. బయట మా ఆయన మెల్లగ, "కాక చెప్తుండు గదనే..." అన్నడు. "నువ్వు ఊకో. జంగు వట్టిన దాని మీద కాల్చింది ఎవడు తింటడు?" అన్న. నాతోని పంచాయితి వెట్టుకోవాలంటె దమ్ము కావాలె. ఆయనకు లేదు. నేను గెలిచిన. పక్క గల్లి దుకాణంల అసొంటి తెల్లజాలే తీసుకోని, కొలతకు రెండు ముక్కలు కోయించిన. ఒకటి పాతగైతె ఒకటుంటదని.

గురువారం పగటీలి పొయ్యి ముట్టిచ్చి చూసినం. వాన దంచుతుంది. షట్టరు సగం దించినం. బొగ్గులకు కరెంటు బ్లోయరు వెట్టంగనే జాలి ఎర్రగై, దాని మీదికెల్లి ఆకుపచ్చ రంగుల మంట లేసింది. ఎన్కనే తెల్ల పొగ. గా పొగల సన్నటి తెల్లటి పోగులు తేలుకుంట తిరిగినయి. వేరేటోళ్లైతె బుగులువడి బయటికి ఉరుకుదురు. మేము ఎందుకు వడ్తం? గసొంటి నూగుల పుట్టి పెరిగినోళ్లం. మొఖం మీద వాలితె చెయ్యితోని దులుపుకున్నం.

"చూసినవా కల్యాణీ, షెడ్డు మన ఎన్కనే కోరుట్ల దాక అచ్చింది" అని మా ఆయన నవ్విండు. పొయ్యి మీది తునక తిప్పుకుంట, "నోరేందో తియ్యగైతుందే" అన్నడు. మసాలా మంచిగ కుదిరిందన్న.

మాపటికి ఆయనకు సలి మొదలైంది. రెండు చద్దర్లు కప్పినా పండ్లు టకటక కొట్టుకున్నయి. తెల్లారేసరికి చెమటలు వట్టి, జరం ఇడిసింది. గల్లిల డాక్టరు వానకాలం జరమని గోలీలిచ్చిండు. శంకరయ్య మాట యాదికి రాలేదా అంటె, అచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలె? తెల్లారితె పోయింది గదా, గింతదానికేనా గా ముసలోడు గంత భయపెట్టింది అనుకున్న.

శనివారం జాలి కడిగినం. నడుమంత మెరుపు పోయి బూడిద రంగైంది. "పూత కాలిపోయినట్టుంది. గిదే ఉండనియ్యి, ఇగ పొగ రాకపోవచ్చు" అన్నడు మా ఆయన. ఎంత తెలివైన మాట! నేను ఇంటినా? మొదటి రోజే మొఖం కాలిన జాలి పెట్టుకుంటమా అని కసిరి, రెండో ముక్క తీసి వెట్టిన. గా పాతదే ఉంచితె అంత పొగ లేకుండు. నా చేతులు ఇరగ, కొత్తది తెచ్చి ఆయన ముంగట వెట్టిన.

ఆదివారం పొద్దటి నుంచి వాననే. అయినా జనం అచ్చిండ్రు. "దుబాయిల తిన్నట్టే ఉంది చెల్లె" అని ఒకాయన అంటె నేను గాలిల తేలిన. నేను బయట ప్లాస్టిక్ కవరు కింద పొట్లాలు కట్టుడు, ఆయన లోపల పొయ్యి కాడ. పదకొండు నుంచి మూడు దాక జరగలె. నడుమ ఒకసారి నా దిక్కు చూసి చెయ్యి ఊపిండు. షట్టరు పైకి లేపుమంటుండు. జల్లు బొగ్గుల మీద వడ్తదని నేనే ఇంక జానెడు కిందికి గుంజిన.

మూడింటికి లోపలికి పోయి చూస్తె బొగ్గుల బస్తా మీద కూసున్నడు. పెదువులు నేరేడుపండు తిన్నట్టున్నయి. "ఏమయ్యో, ఏమైంది" అంటె జవాబు చెప్పేటందుకు ఊపిరి లేదు. ఎవరో కారు తెచ్చిండ్రు. జగిత్యాల దవఖానల ముక్కుకు ఆక్సిజన్ వెట్టిండ్రు. సిరిసిల్ల నుంచి మా అత్త, మా మరిది తిరుపతి ఉరికచ్చిండ్రు.

సోమవారం పొద్దున డాక్టరు నన్ను పిలిచిండు. అత్త నా ఎన్కనే అచ్చి నిలవడ్డది.

"ఏం పని చేస్తడమ్మా?"

"మగ్గాలు సార్. ఇరవై ఆరేండ్లు."

డాక్టరు తల ఊపి రాసుకున్నడు. "ఈ నాలుగు రోజులల్ల పొగ ఏమన్న పీల్చిండా? మందులది గాని, దేనిదన్న గాని?"

"లేదు సార్" అన్న.

గా మాట నా నోట్లకెల్లే అచ్చింది. డాక్టరు ఇంక అడగలె. మంగళవారం పగటికి మా ఆయన పోయిండు. చెప్తె బతికెటోడా? ఏమో. చెప్పలె కాబట్టి ఇగ ఎన్నడు తెల్వది.

సావుకు సిరిసిల్ల మగ్గాలోళ్లంత అచ్చిండ్రు. అచ్చినోళ్లందరు ఒకటే మాట, మగ్గమే మింగిందని. నా చెయ్యి వట్టుకోని ఏడిసిండ్రు. నేను ఊ అన్న. పది రోజులు గట్లనే ఊ కొట్టిన.

పదకొండోనాడు దినం ఐనంక మా మరిది కోరుట్ల సామాను ఇంట్ల దించిండు. ఆయనకు సుత ఇరవై ఏండ్ల మగ్గం, పొద్దున లేస్తె దగ్గుడే. "వదినె, అన్న మొదలువెట్టింది ఆగద్దు. నేను నడిపిస్త. గీ జాలి రెండూ కాలినయి. రేపు జగిత్యాల పోయి గిసొంటిదే కొత్తది తెస్త" అన్నడు.

"తేకు" అన్న.

"ఎందుకు వదినె?"

గోడకు ఆనుకోని మొత్తం చెప్పిన. శంకరయ్య అన్నది, నేను అన్నది, సలిజరం, రెండో ముక్క, షట్టరు. ఒక్కటి దాచలె. తిరుపతి చేతులల్ల ఉన్న జాలి కింద వెట్టి చేతులు లుంగికి తుడుసుకున్నడు. అత్త ఏడుస్తదనుకున్న, జుట్టు వట్టి కొడ్తదనుకున్న. కొడితె మంచిగుండు. లేసి నా ముంగటికచ్చి నిలవడ్డది.

"డాక్టరు అడిగిండు గదనే, పొగ ఏమన్న పీల్చిండా అని. లేదన్నవు."

"అన్న అత్తా."

"నా కొడుకు ఇంక బతికే ఉండె అప్పుడు. ఎందుకన్నవే?"

"నువ్వు నా ఎన్కనే ఉన్నవు అత్తా."