మోకాలికి ఆనుకున్న చక్రాలు

పొద్దున లేచీ లేవగానే సెవెరిన్ చేసే మొదటి పని కిటికీ బయట వేలాడే థర్మామీటరు చూడటం. ఆ తర్వాతే కాఫీ. ఏడు డిగ్రీల కంటే తగ్గితే వేసవి టైర్ల రబ్బరు గట్టిపడుతుందని అతనికి తెలుసు. కాబట్టి అతని కూతురు వ్రోనికీ తెలుసు, ఎదురింటివాళ్లకూ తెలుసు. ఆల్ప్స్ కొండల కింద ఉన్న ఆ ఊళ్లన్నిటిదీ ఒకటే లెక్క: ‘ఓ’ నుంచి ‘ఓ’ దాకా. ఓక్టోబర్ నెల నుంచి ఓస్టర్న్ దాకా, అంటే ఈస్టరు పండుగ దాకా, చలికాలం చక్రాలు ఉండాలి. సెవెరిన్ మాత్రం ఆగస్టులోనే మొదలుపెట్టి, నోటుపుస్తకంలో ఇరవైరెండు పేజీలు నింపాడు.

“రెండే డిగ్రీలు. చూశావా?”

“చూశాను నాన్నా. నిన్న మూడుండటం కూడా నువ్వే చూపించావు,” అంది వ్రోని, రొట్టె మీద వెన్న రాస్తూ.

సెవెరిన్ ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోప్‌వే తీగల్ని తనిఖీ చేస్తున్నాడు. తీగ మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఎక్కడ పోగు తెగిందో చెప్పేస్తాడు. తీగకు ఒకటే దారి, చక్రానికి వంద దారులు అంటాడు. వ్రోనికి నాలుగేళ్లప్పుడు ఓసారి అతని కారు మంచులో జారి, మెల్లగా, చాలా మెల్లగా పోయి ఓ మంచుగుట్టలో ముక్కు పెట్టింది. ఎవరికీ గీత పడలేదు. వెనకసీట్లో పిల్ల చప్పట్లు కొట్టి “మళ్లీ!” అంది. అయినా ఆ రోజు నుంచి చలికాలంలో అతను స్టీరింగ్ ముట్టుకోలేదు. ఇరవైరెండేళ్లయింది.

ఇప్పుడు ఆ పిల్లకు ఇరవయ్యారు. మంత్రసాని చదువు పూర్తయింది. కనుమ అవతలి లోయలో ఉన్న ప్రసవ కేంద్రం వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. వ్రోనికి ఆ ఉద్యోగం మీద ప్రాణం. ఆమెకున్న బండి మాత్రం ఇరవై ఏళ్ల నాటి ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తు. రోజూ దాంట్లో మంచు కనుమ దాటతానంటే తండ్రి కంటికి కునుకు ఉండదని ఆమెకు తెలుసు. వద్దని అతను ఒక్కసారీ అనలేదు. అంటే పోట్లాడొచ్చు. అనకుండా టైర్ల గురించి చదువుకుంటూ కూర్చునేవాణ్ణి ఏం చేస్తాం? అతను మెచ్చే చక్రాలు దొరికితే ఉద్యోగానికి సరేనని చెప్పేద్దాం, లేకపోతే లేదు అని ఆమె లోపల్లోపల అనుకుంది.

జెన్సీ టైర్ల షాపు ఊరి చివర, చీజ్ చేసే పాల కేంద్రం పక్కనే ఉంది. జెన్సీ సెవెరిన్‌తో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న మనిషి. ఆమె షాపులో చలికాలం చక్రాలు తమను నడపబోయే మనిషిని తామే ఎంచుకుంటాయి. నిటారుగా నిలబెట్టి చెక్క అడ్డు తీస్తే దొర్లుకుంటూ వెళ్లి ఆ మనిషి మోకాలికి ఆనుకుని ఆగిపోతాయి, పాలకు వచ్చిన దూడలాగా. అందుకే వేసవంతా వాటికి రెండు వైపులా అడ్డు పెట్టి ఉంచుతుంది. ఓ ఏడాది నాలుగు లారీ చక్రాలు పాస్టరు గారి భార్య దగ్గరికి పోయాయి. ఆమె లైసెన్సు తీసుకుని, లారీ కొనుక్కుని, ఇప్పుడు ఇటలీ దాకా యాపిల్ పళ్లు తోలుతోంది.

“రండి ఇన్‌స్పెక్టరు గారూ! పుస్తకం తెచ్చుకున్నారా?” అంది జెన్సీ.

“తెచ్చాను. పందొమ్మిది అంగుళాలవి చూపించొద్దు.”

“కారుకు అందం అవే అత్తా,” అంది వ్రోని.

“అందం గుమ్మడికాయకీ ఉంటుంది, మంచులోకి తోలుకుపోతామా?” అన్నాడు సెవెరిన్. “సన్నటి టైరు మంచును కోసుకుని నేల పట్టుకుంటుంది. వెడల్పుది మంచు మీద తేలుతుంది. రిమ్ము చిన్నదైతే పక్కన రబ్బరు ఎత్తుగా ఉంటుంది, గుంటలో పడ్డా తట్టుకుంటుంది. జెన్సీ, పదహారు అంగుళాలవి తియ్యి.”

“పదహారైతే బ్రేకుకు తగులుకుంటుంది. ఇది స్పోర్ట్స్ కారు నాయనా, మీ అమ్మ సైకిలు కాదు. పదిహేడు. నాలుగూ ఒకే కొలత, ముందువి వెనక్కి మార్చుకోవచ్చు.”

మొదటి సెట్టు, నాలుగు చక్రాలూ, తెచ్చింది. సెవెరిన్ చలికాలం టైరని చెప్పే కొండ గుర్తూ దాని లోపల మంచుపువ్వు గుర్తూ వెతికాడు. ఉన్నాయి. తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెలు చదివాడు.

“మూడేళ్ల నాటిది. వద్దు.”

రెండో సెట్టును బొటనవేలితో నొక్కి, వాసన చూసి, గట్టిగా ఉందన్నాడు. మూడో సెట్టుకు వంక దొరక్క చాలాసేపు తిప్పిచూసి, “రంగు నచ్చలేదు,” అన్నాడు.

“టైరు నల్లగా ఉందనా?” అంది జెన్సీ, మూడు సెట్లకూ అడ్డు తీసి చూస్తూ. ఒక్క చక్రమూ కదల్లేదు.

వ్రోని నవ్వలేదు. ఇక ఇంతే అన్నట్టు కారు తాళాలు జేబులో వేసుకుంది. అది జెన్సీ చూసింది. లోపలికెళ్లి, ఏ హంగూ లేని బూడిదరంగు రిమ్ముల మీద ఉన్న నాలుగో సెట్టు దొర్లించుకొచ్చింది. సెవెరిన్ గాడుల లోతు కొలిచాడు. అంకెలు చదివాడు. నొక్కాడు. లేచి నిలబడి, ఏడుపు ఆపుకుంటున్నవాడిలా, “బాగున్నాయి,” అన్నాడు.

జెన్సీ అడ్డు తీసింది.

మొదటి చక్రం కదిలింది. వ్రోని ఓ అడుగు ముందుకొచ్చి మోకాలు చాపింది. చక్రం ఆమెను చుట్టి వెళ్లి సెవెరిన్ మోకాలికి ఆనుకుంది. రెండోదీ అంతే. మూడోదీ. నాలుగోది వ్రోని ముందు ఆగి, ఏమీ అనుకోకమ్మా అన్నట్టు కాస్త వంగి, వెళ్లి మిగతా మూడింటి పక్కన చేరింది.

జెన్సీ రసీదులో ‘నడిపేవారు’ అన్నచోట సెవెరిన్ పేరు రాసింది.

“ఏం రాస్తున్నావ్? నేను చలికాలంలో నడపనని ఊరందరికీ తెలుసు!”

“ఊరికి తెలుసు. చక్రాలకు తెలీదు. ఇందాకటి మూడు సెట్లూ అడ్డు తీసినా కదల్లేదు, చూడలేదా?”

“కారు నాది కదా అత్తా?” అంది వ్రోని, నవ్వాలో ఏడవాలో తెలీక.

“కారు నీదే అమ్మా. నేను అడ్డు తీసేదాన్నే గానీ దారి చెప్పేదాన్ని కాదు.”

అరగంటలో కారు జాకీ మీంచి దిగింది. బోల్టులు బిగించి జెన్సీ ఓ కాగితం చేతిలో పెట్టింది. యాభై కిలోమీటర్లు నడిపాక వచ్చి బోల్టులు మళ్లీ బిగించుకోవాలి అని ఉంది. ప్రతి షాపువాళ్లూ ఇచ్చే కాగితమే. ఏ ఒక్కరూ మళ్లీ రారు. సెవెరిన్ దాన్ని రెండుసార్లు చదివాడు.

“నలభై చాలదా?”

“యాభై.”

“నడపాల్సింది ఎవరు?”

జెన్సీ రసీదులో పేరు మీద వేలు పెట్టింది. రాసి ఉన్నదాన్ని కాదనడం సెవెరిన్‌కు చేతకాదు. తాళాలు తీసుకున్నాడు.

ఊరి నడుమ ఫౌంటెను చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఓ చుట్టు మూడు వందల మీటర్లు. యాభై కిలోమీటర్లకు నూట అరవయ్యేడు చుట్లని పక్కసీట్లో వ్రోని లెక్క చెప్పింది. తొమ్మిదో చుట్టులో బేకరీ ఆవిడ బయటికొచ్చి, “సెవెరినూ, దారి తప్పావా?” అని అరిచింది. పదో చుట్టులో కారు ఫౌంటెను వదిలి కనుమ రోడ్డెక్కింది. స్టీరింగ్ తాను తిప్పాడో, చక్రాలు తిరిగాయో అతనికి తెలీదు.

“నాన్నా, కనుమ అవతలికి సరిగ్గా పాతిక. పోయి రావడానికి యాభై,” అంది వ్రోని మెల్లగా.

“తెలుసు. మాట్లాడించకు.”

నాలుగో మలుపు దాకా చెమటలు పట్టాయి. ఆ పైన మంచు మొదలైంది. చక్రాల కింద అది కరకరలాడింది. ఆ చప్పుడు స్టీరింగ్ గుండా అరచేతుల్లోకి ఎక్కింది. సెవెరిన్ ఉలిక్కిపడ్డాడు. తీగ అదురు అతనికి పుట్టుకతో తెలిసినంత తెలుసు. ఇది అదే. ఇక్కడ పట్టు ఉంది, ఇక్కడ కాస్త తగ్గింది, ఇదిగో మళ్లీ పట్టుకుంది. ముప్ఫై ఏళ్లు రోప్‌వే మీంచి దారంలా చూసిన రోడ్డు ఇప్పుడు చేతిలో పలుకుతోంది. గేరు తగ్గించాడు. ఏడో మలుపులో కారు తోక చిన్నగా ఊగి సర్దుకుంది.

“మళ్లీ!” అని అరిచాడు సెవెరిన్.

వ్రోని పడీపడీ నవ్వింది.

అవతలి ఊళ్లో ప్రసవ కేంద్రం ముందు ఆగేసరికి పెద్ద మంత్రసాని ఒటీలియా గారు గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు. లోపల ఓ తల్లి నొప్పులు పడుతోంది. కేంద్రం వ్యాను ఇంకో తల్లితో పట్నం ఆసుపత్రికి పోయింది. ఇప్పుడు పై కొండమీది పొలం ఇంటి నుంచి, అక్కడా నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది.

“అమ్మాయ్, సంచీ ఇదిగో. పైకెళ్లు.”

“నేనింకా సోమవారం దాకా...”

“బిడ్డ సోమవారం దాకా ఆగుతానందా?” అని, ఒటీలియా గారు వంగి టైర్లు చూసి, తర్వాత సెవెరిన్‌ను చూశారు. “మీరు నడుపుతారా?”

“రసీదులో అలానే ఉంది,” అన్నాడు సెవెరిన్.

పొలం దారి ఇంకా నిటారు. చక్రాలు ఒక్కచోటా తడబడలేదు. వ్రోని సంచీతో లోపలికి పరుగెత్తింది. ఆ ఇంటి కుర్రాడు, కాబోయే తండ్రి బెనెడిక్ట్, కారు చుట్టూ తిరగసాగాడు. సెవెరిన్ అతని వెనకే తిరిగాడు. ఇద్దరూ అరగంటలో మంచు తొక్కి గట్టి బాట వేశారు. ఉన్నట్టుండి లోపల సన్నటి కేక వినిపించింది. బెనెడిక్ట్ చెప్పులు మంచులోనే వదిలి ఉరికాడు.

ఇంకో గంటకు వ్రోని చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“ఒటీలియా గారు ఫోన్ చేశారు నాన్నా. మంచు రోజుల్లో ఇక్కడి మంత్రసాని ఇక్కడే ఉండాలట. కేంద్రం మీద గది ఇస్తారట. రోజూ కనుమ దాటే పని లేదు. నీకు దూరమవుతానని...”

సెవెరిన్ కారు వైపు చూశాడు. నాలుగు చక్రాలూ మంచులో కుదురుగా కూర్చున్నాయి.

“దాటాల్సింది నేనే. ఆదివారం ఆదివారం వస్తాను, కారు నా దగ్గరుంచు,” అన్నాడు. “సోమవారం దాకా దేనికి? ఇప్పుడే ఫోన్ చేసి సరేనని చెప్పు.”

వ్రోని మంచులోనే నిలబడి ఫోన్ చేసింది. ఆమె మాట్లాడుతుండగానే బెనెడిక్ట్ ఒట్టి కాళ్లతో గడపలోకి వచ్చాడు. చేతుల్లో ఉన్ని దుప్పటి మూట. మూటలో ఎర్రటి చిన్న ముఖం.

“ఆడపిల్ల బాబాయ్,” అన్నాడు. “పుట్టేదాకానే ఈ భయం అనుకున్నాను. ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. ఎప్పటికి పోతుంది?”

సెవెరిన్ కళ్లజోడు సవరించుకున్నాడు. ఏ ప్రశ్నకైనా సరిచూసుకోకుండా జవాబు చెప్పే మనిషి కాదు. బాగా ఆలోచించాడు.

“చెప్పలేను నాయనా,” అన్నాడు. “నాకు ఇరవయ్యారేళ్ల అనుభవమేగా.”