చల్లారిన ఇంజన్ చప్పుడు

పోశయ్య నా భార్య రాధమ్మకు తమ్ముడు. ఏడాదిన్నరగా వాడితో మాటల్లేవు. ఆమె చనిపోయిన రోజు, శవం ఇంకా వాకిట్లో ఉండగానే, నేను ఆమెను దవాఖానకు ఆలస్యంగా తీసుకుపోయానని నలుగురిలో అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు. మరచిపోయే ఉద్దేశం కూడా లేదు.

అయినా ఈ జనవరిలో వాడి షెడ్డుకు పోవలసి వచ్చింది. నాకున్నది పందొమ్మిదేళ్ల పెట్రోలు కారు ఒక్కటే. సిద్దిపేట బస్టాండు దగ్గరి అడ్డా మీద పెట్టి కిరాయికి తిప్పుతాను. వసంత పంచమికి వర్గల్ సరస్వతి గుడిలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించేవాళ్లు చీకటితోనే బయలుదేరతారు. సరిగ్గా ఆ పండుగ ముందు బండి మొరాయించింది. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువుగా తిరిగేది. నాలుగైదు సార్లకు అందుకునేది. అందుకున్నా వణికేది. పైన టిక్కు టిక్కుమని చప్పుడు. ఐదు నిమిషాలకు చప్పుడు పోయేది. ఒక మెకానిక్‌కు చూపిస్తే ఇంజన్ మొత్తం విప్పాలి, లేకపోతే తుక్కుకు ఇచ్చేయమన్నాడు. బండి పోతే నేను అక్కన్నపేటకు పోయి, మా అన్న పొలంలో, అన్న చెప్పినట్టు పనిచేయాలి.

మూడేళ్ల కింద ఆ ఇంజన్ పైభాగం విప్పి గాస్కెట్ మార్చింది పోశయ్యే. అప్పుడే లోపల వాల్వులను తెరిచే టాపెట్లు పాడుచేశాడని, ఈ చప్పుడు వాటిదేనని తేల్చుకున్నాను. అడ్డా మీద అందరికీ చెప్పాను కూడా. పండుగ నాలుగు రోజులుందనగా వాడి షెడ్డుకు పోయాను. అడగడానికి కాదు, నిలదీయడానికి.

వాడు బానెట్ మీద చేయి పెట్టి తీసేశాడు. బండి వేడిగా ఉంది, ఇప్పుడేమీ వినపడదు, వదిలిపెట్టి పొద్దున రమ్మన్నాడు. వదిలితే లోపల ఏం మారుస్తావో నాకేం తెలుసన్నాను. బానెట్‌కు తాళం వేసుకొని పొమ్మన్నాడు. నిజంగానే ముందు జాలీకి గొలుసు చుట్టి, తాళం వేసి పోయాను.

మర్నాడు ఆరున్నరకు గొలుసు విప్పాను. స్టార్ట్ చేయమన్నాడు. నాలుగోసారికి అందుకుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. పైన ఒక్కోచోటా విన్నాడు. కింద విన్నాడు. పొగగొట్టం ఇంజన్‌కు కలిసేచోట పొగ కారి మసి ఉందేమో చూశాడు, లేదు. తర్వాత ఆపమని, ఆయిల్ చూసే కడ్డీ లాగి, ఒక బొట్టు వేళ్ల మధ్య రుద్దాడు.

"గీ ఆయిల్ ఏడిది?"

"ఆయిల్ ఆయిలే. నీకెందుకు?"

"ఏడిదని అడుగుతున్న."

మా అన్న ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాలో మిగిలింది. కార్తీకంలో నేనే పోశాను. అదే చెప్పాను.

వాడు నవ్వలేదు. నవ్వితే కొట్టడానికి ఒక కారణం దొరికేది. ఆ ఆయిల్ చిక్కన, చలికి ఇంకా చిక్కబడుతుందన్నాడు. ఇంజన్‌ను తేలిగ్గా తిరగనివ్వదట. పైన టాపెట్లలోకి చేరేదాకా అవి వట్టిగా కొట్టుకుంటాయట. వేడికి పలచబడ్డాక సద్దుమణుగుతాయట. ప్లగ్గులు విప్పి చూపించాడు. నాలుగూ నల్లగా మసిబారి ఉన్నాయి, బండి వణికేది వాటివల్లేనట. ఇంజన్ విప్పే పనే లేదన్నాడు.

మధ్యాహ్నానికి పాత ఆయిల్ దింపి, ఫిల్టర్ మార్చి, బండికి తగిన పలచటి ఆయిల్ పోసి, కొత్త ప్లగ్గులు వేశాడు. మళ్లీ రాత్రంతా చల్లారనిచ్చాడు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. చప్పుడు రెండు క్షణాలు వచ్చి ఆగింది. వాడు ఇంజన్ ఆపి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

"పోశిగాడు ఖరాబు చేసిండని అడ్డ మీద చెప్పుకుంట తిరిగినవ్. గాడికే పోయి, తప్పు నాదని చెప్పు. గప్పుడిస్త చాబీ."

"నా బండి చాబీ ఆపేటందుకు నువ్వెవడివిరా?"

"పో, ఠాణాల కేసు పెట్టు. ట్రాక్టర్ ఆయిల్ సంగతి గూడ రాయించు."

పండుగ రెండు రోజులుంది. ఇద్దరం నడిచి అడ్డాకు పోయాం. సతీశ్ అనే డ్రైవరు, ఇంకో ముగ్గురు చాయ్ తాగుతున్నారు. ఆయిల్ నేనే తప్పు పోశానని, పోశయ్య పనిలో లోపం లేదని ఒక్కసారి చెప్పాను.

"ట్రాక్టర్ ఆయిల్ పోసినంక ఎన్క నాగలి గూడ కట్టకపోయినవా అన్నా," అన్నాడు సతీశ్. అందరూ నవ్వారు.

పోశయ్య తాళంచెవి ఇచ్చాడు. తీసుకున్నాక అడిగాను.

"ఇగ నువ్వు చెప్పు, గీళ్ల ముంగట్నే. మీ అక్కను నేను లేటుగ తీస్కపోయిన్నా?"

నవ్వులు ఆగిపోయాయి. వాడు తల దించుతాడనుకున్నాను. దించలేదు.

"తీస్కపోయినవ్. గా మాట నేనెన్నటికి మార్చ."

రాధమ్మకు బాగాలేదని ఆ రోజు ఇంటి నుంచి ఫోను వచ్చేసరికి నేను కరీంనగర్ కిరాయిలో సగం దారిలో ఉన్నాను. బండిలో ఉన్నవాళ్లను కరీంనగర్‌లో దింపాకే వెనక్కి తిరిగాను. అది అడ్డా మీద చెప్పలేదు. బండి ఎక్కి వచ్చేశాను.

పంచమి నాడు వర్గల్‌కు మూడుసార్లు తిరిగాను. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మరోసారి మార్చాలని పోశయ్య చెప్పి ఉన్నాడు. మార్పించాను. గజ్వేల్‌లో, ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర.