రెండో వడ్డన

మా ఇంట్లో వంట గురించి ఎవరూ నోరెత్తరు. బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. ఇది మా అత్తగారు పెట్టిన రూలు. మామగారు బతికున్న రోజుల్లో కూరలో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైనా కంచం తీసి గోడకేసి కొట్టేవాడట. ఆయన పోయిన నెల తిరక్కుండానే ఆవిడ కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి, ఇకమీదట ఈ ఇంట్లో కంచం ముందు కూర్చుని వంట మాటెత్తినవాడికి ఆ పూటతో ఈ ఇంటి అన్నం సరి అని తేల్చి చెప్పింది. వంక పెట్టకూడదంటే సరే, మెచ్చుకోవడం కూడా ఎందుకు వద్దందో అని కొత్తలో నేను తెగ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఒకరోజు మెచ్చుకుంటే మెచ్చుకోని రోజు వంక పెట్టినట్టే కదా, అందుకు అయ్యుంటుంది.

మరి వండిన మనిషికి ఎలా తెలియాలి? రెండో వడ్డనను బట్టి తెలియాలి. మొదటిసారి వడ్డించింది ఆకలికి తింటారు. రెండోసారి ఎవరూ అడక్కుండా గిన్నె తమవైపు లాక్కుంటే నచ్చినట్టు. గిన్నె ఉన్నచోటే ఉండిపోతే ఆ రోజు వండిన మనిషి వంటింట్లోకి వెళ్ళి ఒక్కతే మొహం మాడ్చుకోవాలి. నేను పెద్ద కోడలిగా వచ్చాక నా గిన్నె ఉన్నచోట ఉండిపోయిన రోజు ఒక్కటీ లేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి.

ఎవరి పుట్టినరోజైనా, ఎవరికి ఉద్యోగం వచ్చినా, ఏమీ లేని ఆదివారమైనా అందరూ మా ఇంటికే వస్తారు. మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందుగది ఆయన షాపు, వెనక మేముంటాం. మూడు వీధుల అవతల మా మరిది. అతను బస్సు డ్రైవరు. అతని భార్య, అంటే నా తోడికోడలు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మాకు ఒక్కతే కూతురు, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. వీళ్ళూ, మా మరిది పిల్లలూ, వెంట వచ్చే స్నేహితులూ కలిసి ఎప్పుడూ పదిహేనుమందికి తక్కువుండరు.

అందరూ కూడిన రోజు నేను వండేది ఒకటే. నాలుగు కిలోల మాంసం, ఎముకలతో సహా పెద్ద ముక్కలు. ఉల్లిపాయలు మాడీ మాడనట్టు ఎర్రగా వేగాక మాంసం వేసి, సన్నటి సెగ మీద మూడు గంటలు వదిలేస్తాను. బంగాళదుంపలు చివర్లో, కోయకుండా. కొలతలు నాకు తెలియవు. ఉప్పు గుప్పిట్లోంచి జారవిడుస్తూ, మధ్యమధ్య గరిటెకంటిన పులుసు అరచేతిలో వేసుకుని నాకి చూడటమే నా కొలత. డబ్బాలో చెంచా వేసి వండేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది.

నాకు ముక్కు మీదే కోపం. దాచుకోవడం దేనికి? మా మరిది నాకు చాటుగా కుక్కర్ అని పేరు పెట్టాడు. ఆ సంగతి తెలిసినా పోనీలే చిన్నవాడు అని ఊరుకున్నాను. ఊరుకున్నానంటే, రెండు నెలలు అతనితో మాట్లాడలేదు, అంతే.

మూడేళ్ళ కిందట మా అత్తగారు మంచాన పడింది. ఇరవైమూడేళ్ళు నా చేతి కూడు తిన్న మనిషి, ఆఖర్న చిన్నకొడుకు ఇంటికి తీసుకెళ్ళమని పట్టుబట్టింది. అక్కడ గాలి బాగా వస్తుందట. నాలుగు నెలలు ఆ కుట్టుమిషను చప్పుడులో పడుకుని, అక్కడే పోయింది. నాకు కడుపు మండిపోయింది. చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరైంది. కర్మకాండలన్నీ పూర్తయ్యేదాకా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ కోపం లేదని ఇప్పుడూ అనను.

అవన్నీ అయిన పదిరోజులకి నాకు జ్వరం వచ్చింది. తొమ్మిదిరోజులు ఒళ్ళు తెలియలేదు. జ్వరమైతే తగ్గింది గానీ నాలుకకి రుచి తిరిగి రాలేదు. కాఫీ తాగితే వేడినీళ్ళు. నూనెలో వెల్లుల్లి వేగుతుంటే పొయ్యి మీదకి వంగి నిలబడ్డాను, వాసన లేదు. పచ్చిమిరపకాయ కొరికితే మంట ఉంది, రుచి లేదు. నాలుగు రోజులు చూసి ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, కొందరికి జ్వరాల తర్వాత ఇలా అవుతుంది అన్నాడాయన. ఆ మాటకి డాక్టరెందుకు, మా వీధి చివర పాలవాడైనా చెబుతాడు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? మర్నాటినుంచి గరిటె తోడికోడలి చేతిలోకి వెళుతుంది. అందరూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి జాలిగా చూస్తారు. నాకు చదువు లేదు, ఉద్యోగం లేదు. పాట రాదు, నలుగురిలో తియ్యగా మాట్లాడటం అసలే రాదు. ఆదివారం మధ్యాహ్నం పదిహేనుమంది మా గుమ్మం తొక్కుతున్నారంటే అది నా మొహం చూసి కాదని నాకు తెలుసు. ఆ గిన్నె ఒక్కటే నాది. అది పోతే నేనెవరిని? భయమేసింది. చాలా భయమేసింది.

అందుకని కళ్ళతో వండటం మొదలుపెట్టాను. ఉల్లిపాయ రంగు చూసి, ముక్కని గరిటెతో నొక్కి చూసి, పులుసు ఉడికే చప్పుడు విని. అన్నీ కుదిరాయి గానీ ఉప్పే కుదరలేదు. వేశానా, వేయలేదా? వేశాననుకో, సరిపోయిందా? ఇదివరకు ఆ సంగతి నాలుక చెప్పేది. ఇప్పుడు చేతికి అనుమానం తప్ప ఏమీ మిగల్లేదు. అనుమానం వచ్చినప్పుడల్లా ఇంకాస్త వేసేదాన్ని. చప్పిడి కూర పెట్టిందన్న పేరు మాత్రం రాకూడదు.

జ్వరం తర్వాత మొదటిసారి అందరూ భోజనానికి కూర్చున్న రోజు, వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మొదటి వడ్డన అయింది. ఎవరూ ఏమీ అనలేదు, అనరు కదా. మా ఆయన చెయ్యి చాచి గిన్నె లాక్కున్నాడు. తర్వాత మా మరిది, ఆ తర్వాత తోడికోడలు, మా అమ్మాయి. నేను స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, చప్పుడు బయటికి వినపడకుండా ఏడ్చాను. గండం గట్టెక్కింది అనుకున్నాను.

మూడేళ్ళు అలాగే నడిచింది. ప్రతిసారీ రెండో వడ్డన జరిగింది. నిజం చెప్పొద్దూ, ఇదివరకటికన్నా ఎక్కువగా, పోటీలు పడి వేసుకున్నారు. మంచినీళ్ళు బిందెలకి బిందెలు తాగుతుంటే ఎండలు మండిపోతున్నాయి కదా అనుకున్నాను. చలికాలంలోనూ అలాగే తాగారు, అప్పుడేమనుకున్నానో గుర్తులేదు.

ఇంతలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. అబ్బాయి దాని ల్యాబులోనే పనిచేస్తాడు. నెమ్మదస్తుడు. పెళ్ళి భోజనం నూటయాభైమందికి నా చేత్తో వండాలని అది పుట్టిన రోజునుంచీ నా కోరిక. హాలు వెనక వంటగది చూసొచ్చాను, గిన్నెలు ఎంతెంతవి కావాలో కూడా మాట్లాడొచ్చాను. ఇద్దరు మనుషుల సాయం చాలు.

వారం తర్వాత మా అమ్మాయి మెల్లిగా నా పక్కన చేరి, పెళ్ళి వంట పిన్నికి అప్పజెబుదామమ్మా, నువ్వు హాయిగా కొత్తచీర కట్టుకుని కూర్చో అంది. నేను ఒంటికాలి మీద లేచాను. నా కూతురి పెళ్ళికి నేను అతిథినా? ఇరవైయేళ్ళు నా చెయ్యి నాకి పెరిగినదానివి, ఇప్పుడు మిషను కుట్టేదాని కూర కావాల్సొచ్చిందా? ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. అది అంతా విని వెళ్ళిపోయింది. నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

మధ్యలో పడ్డది మా ఆయన. ఆదివారం పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు ఎనిమిదిమంది భోజనానికి వస్తున్నారు కదా, ఆ వంట నువ్వే చెయ్యి, అది సజావుగా జరిగితే పెళ్ళి వంట కూడా నీదే అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. విప్పదీసిన గడియారం వైపు చూస్తూ అన్నాడు. నన్ను పరీక్షకి కూర్చోబెడతారా అని పళ్ళు నూరుకున్నా, సరేనన్నాను. నా గిన్నె మీద నాకు నమ్మకం.

ఆదివారం పొద్దున్నే లేచాను. మాంసం నేనే వెళ్ళి ఏరి తెచ్చాను. ఉల్లిపాయల దగ్గర ఎవరినీ రానివ్వలేదు. ఉప్పు ఒకసారి వేశాను. బంగాళదుంపలు వేశాక మళ్ళీ అనుమానం వచ్చింది, ఇంకొంచెం వేశాను. బయట కారు ఆగిన చప్పుడు వినిపించి కంగారులో మూత తీసి చూశాను. కూర రంగు బ్రహ్మాండంగా ఉంది. కొత్తవాళ్ళ ముందు తలవంపులు కాకూడదని మరో చిటికెడు వేశాను. నా లెక్కలో అది చిటికెడే.

పెళ్ళికొడుకు నాయనమ్మ ఎనభై దాటిన మనిషి. బల్ల చివర కూర్చోబెట్టి మెత్తటి ముక్కలు ఏరి వేశాను. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కష్టం మీద గుటక వేసి, గ్లాసెడు నీళ్ళు తాగింది. ఆవిడకి మా ఇంటి రూలు ఎవరు చెబుతారు?

"అమ్మాయ్, ఏమీ అనుకోకు" అంది నెమ్మదిగా. "ఈ కూర నోట పెట్టలేకపోతున్నాను. ఉప్పు కషాయంలా ఉంది."

పెళ్ళికొడుకు తల్లి ఆవిడ మోచేతిని నొక్కింది. ఆ తల్లి కంచంలోనూ కూర పక్కకి తోసేసి ఉండటం అప్పుడే చూశాను. ఎనిమిదిమంది కంచాల్లోనూ అంతే. బల్లకి ఇటువైపు మావాళ్ళు తలలు దించుకుని ఉన్నారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారనుకున్నాను. మా ఆయన చెయ్యి చాచి గిన్నె లాక్కుని, రెండు గరిటెలు వేసుకున్నాడు. మా మరిది వేసుకున్నాడు. తోడికోడలు వేసుకుంది. మా అమ్మాయి కూడా వేసుకుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా తింటూనే ఉంది. నాకు తల కొట్టేసినట్టైంది.

వచ్చినవాళ్ళు మర్యాదస్తులు. పెరుగన్నం తిని, నవ్వుతూ మాట్లాడి, పెళ్ళి తేదీ ఖాయం చేసుకుని వెళ్ళారు. పెళ్ళికొచ్చిన ముప్పేమీ లేదు. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి, తిన్నగా వంటింట్లోకి వచ్చాను. తోడికోడలు గిన్నెలు తోముతోంది. తలుపు దగ్గరగా వేశాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

ఆమె కుళాయి కట్టేసింది. "అత్తయ్య పోయినప్పటి నుంచి."

"మూడేళ్ళు. మూడేళ్ళలో ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదా?"

ఇంటి రూలు అంటుందనుకున్నాను. అంటే దులిపేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆమె చేతులు తుడుచుకుంది.

"చెబితే ఇంకా ఎక్కువ వేస్తావని భయపడ్డాం అక్కా."

నాకు అర్థం కాలేదు. ఎందుకు వేస్తాను అన్నాను.

"అత్తయ్య మా ఇంట్లో పోయిందని కోపంతో వేస్తున్నావు కదా. జ్వరం తర్వాత ఆ మొదటి భోజనానికి ముందే మేమందరం మాట్లాడుకున్నాం, వచ్చే స్నేహితులకీ చెప్పి ఉంచాం. బావగారే చెప్పారు, దాని కోపం తీరేదాకా తిందాం, ఎవరూ ఏమీ అనొద్దు, రెండోసారి కూడా వేసుకోండి, అప్పుడైతే తొందరగా తీరుతుంది అని."

మూడేళ్ళు. ప్రతి ఆదివారం నా గిన్నె ఖాళీ అవుతుంటే పొంగిపోయానే, అది శిక్ష అనుభవించడమా? ఈరోజు కూడానా అని అడిగాను. నా కన్నకూతురి కాబోయే అత్తవారి ముందు కూడా కావాలనే వేశానని అనుకున్నారా అని అడిగాను. తలుపు తీసుకుని మా అమ్మాయి లోపలికి వచ్చింది. ఎంతసేపటినుంచి వింటోందో.

"అందుకే పెళ్ళి వంట నీకు వద్దన్నానమ్మా" అంది.

తోడికోడలైతే బయటిమనిషి అని సరిపెట్టుకుంటాను. ఇది నా కడుపున పుట్టింది. నా కోపం దాని పెళ్ళిపీటల దాకా వచ్చి దాని కంచంలో ఉప్పు పోస్తుందని అది నమ్మింది. నమ్మి, నాతో ఒక్క మాట అనకుండా ఆ ఉప్పు తిన్నది. అది ప్రేమో భయమో నాకు తెలియడం లేదు.

నోటితో చెబితే నమ్మేలా లేరు. గట్టు మీద ఉప్పు డబ్బా తీసి, చేతినిండా తీసుకుని నోట్లో వేసుకున్నాను. అటుకులు నమిలినట్టు నమిలాను. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి లాగేసింది, నా నోట్లో వేలు పెట్టి ఉప్పు తీసింది. తోడికోడలు నీళ్ళు తెచ్చింది. ఆ కంగారుకి షాపులోంచి మా ఆయనా, వెనకే మా మరిదీ వచ్చారు.

"నాకు రుచి తెలియదు" అన్నాను. "జ్వరం తర్వాత పోయింది. ఉప్పో పంచదారో కూడా తెలియదు."

అప్పుడు మా ఆయన మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఆ మొహంలో దుఃఖం లేదు. పెళ్ళయిన ఇరవైయారేళ్ళలో ఆ మొహం అంత తేటగా ఎప్పుడూ లేదు. భుజాల మీద బస్తా దించినవాడిలా నిలబడి, గోడకి చేరబడి, ఊపిరి వదిలాడు.

"అయితే కోపం కాదన్నమాట" అన్నాడు.

మా మరిది నవ్వేశాడు. తోడికోడలు నన్ను గట్టిగా కావలించుకుని, ముందే చెప్పొచ్చు కదక్కా అంటూ ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది. మా అమ్మాయి నా బుగ్గకి అంటిన ఉప్పు కొంగుతో తుడిచి, ఎన్నేళ్ళ తర్వాతో నా భుజం మీద తల పెట్టింది. ఎవరో టీ పెట్టారు. పెళ్ళి వంట తోడికోడలు చేసేటట్టు, నేను పక్కన కూర్చుని చెప్పేటట్టు అక్కడికక్కడే తేలిపోయింది. నేను దేనికీ కాదనలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చెయ్యి పట్టుకుంటున్నారు. నాకు జబ్బని తెలిసి మా ఇంట్లో అందరూ సంతోషించారు.