హిమశకట సారథ్యము

సూర్యభగవానుఁడు మకరరాశిం జొచ్చి పదినాళ్లు గడచినను బ్రొద్దెక్కిన పిమ్మటం గాని కార్యస్థానమునకు రాని పాతకాపు గుమాస్తావలె నాకాశపుటంచున నించుకసేపు గూర్చుండి యొక్క యెఱ్ఱని గీఁటు గీచి మధ్యాహ్నమునకే యంతర్హితుఁ డగుచుండు శిశిరకాలమది. నార్వే దేశపు టుత్తరసీమయందు పాలసముద్రమునకుఁ దోడువేసి పెరుగు పేరఁబెట్టిరా యనునట్లు గడ్డకట్టి కానవచ్చు నొక మహాసరోవరమును దానిచుట్టు నవనతశాఖములై మంచుబరువు మోయుచుఁ గిక్కురుమనక నిలుచు దేవదారువులును ఆ దేవదారువుల నడుమ నిండ్లకప్పులనుండి నిటారుగ లేచి గాలిలేమిచే నెటు పోవుటయుం దోఁపక నిలిచిపోయిన ధూమస్తంభములును గల యొక చిన్నపట్టణము గలదు. నిశ్శబ్దమునకుఁ బుట్టినిల్లగు నా పట్టణమున నా శనివారపు టుదయమున నిశ్శబ్ద మన్నది మందునకైన లేదు. కుక్కలు గుంపులు గుంపులుగా నేకకంఠమున మొఱుగుచుండెను.

అది దంపతుల హిమశకటపందెము. చక్రములకు మాఱుగాఁ గొయ్యపట్టెలమీఁద జాఱిపోవు తేలికబండికి నాఱు కుక్కలం బూన్చి యాలుమగలలో నొకరు వెనుకఁ బట్టెలపై నిలిచి తోలుచు వేఱొకరు ముందరి బుట్టలోఁ గూర్చుండి శనివారమున సరస్సున కావలియొడ్డున నున్న బసఁ జేరి యాదివారమున మరలి వచ్చుట దాని క్రమము. బయలుదేఱిన కుక్కలన్నియు బండితోడనే తిరిగి రావలయుననియు నడువలేనిదానిని బుట్ట నెక్కించుకొని వచ్చుట తప్పు గాదనియు నొక నియమము గలదు. ఆ పందెగాండ్రలోఁ గాకినాడనుండి వచ్చిన జంట యొక్కటియే. గనులలో యంత్రములను బరామర్శించు కొలువునకై సోమశేఖర మేడేండ్ల క్రింద నా మంచుసీమకు రాఁగా నాతనిఁ జేపట్టిన సువర్చల డిగ్రీపట్టాను జంతికలగొట్టమును ఒక్క పెట్టెలోనే పెట్టుకొని వెంట వచ్చెను. పట్టా యక్కడ నెవరికిని బనికిరాలేదు. జంతికలగొట్టము పనికివచ్చెను.

కుక్కలను గొనవలెనను సంకల్పము సోమశేఖరమునది. తక్కినదంతయు సువర్చలది. పిల్లలుగా వచ్చినవానికిఁ బాలు పోసినదియు మాంసము కంటఁ జూడని వంశమునఁ బుట్టి ముక్కునకుఁ గొంగు చుట్టుకొని మాంసమును దఱిగినదియు నెముకలు గొఱుకు చలిలో దినదినము బండికిఁ గట్టి సరస్సుపైఁ దిప్పినదియు మంచురవ్వలు గ్రుచ్చుకొనకుండఁ బాదములకు గుడ్డసంచులు గుట్టి తొడిగినదియు నామెయే. నామకరణమున మాత్రము యజమానుఁడు తనయధికారముఁ జూపఁ బూని యైరావతము సుప్రతీకము వైనతేయము మొదలగు పేళ్లు పెట్టి ముందునడచు ముసలి యాఁడుకుక్కకు దేవేంద్రుని గుఱ్ఱము పేరిట నుచ్చైఃశ్రవమని పందెపుఁ బట్టికలో వ్రాయించెను. ఆ పేరు పలుకులోపలఁ గుక్క వీధిమలుపు దాఁటిపోవును. కావున సువర్చల తన పోపులపెట్టె తెఱచి చూచుకొని యా ముసలిదానిని మెంతి యనియుఁ దక్కినవానిని మిరియము ఇంగువ వాము జీలకఱ్ఱ ధనియము అనియుఁ బిలుచుచుండెను. కుక్కలు పురాణమును విసర్జించి పోపునే వరించెను.

ఆ పట్టణమున నున్న నాలుగిండ్ల తెలుఁగువారును గెలిచిన పిమ్మట సన్మానించుట లోకాచారమే యైనను ఓడినచో శాలువ దండుగ యగునను దూరదృష్టితో సోమశేఖరమును బందెమునకు ముందే సన్మానించిరి. ఆతఁ డా శాలువను జలికోటుపైఁ గప్పుకొని పట్టెలమీఁద నిలిచెను. కుక్కలను బెంచిన యామెను బుట్టలోఁ గూర్చుండఁబెట్టుట యేమి న్యాయమని యెవరు నడుగలేదు. ఆమెయు నడుగలేదు. అడుగవలసినవానిని గణించుకొనుట మాత్ర మామె కలవాటు.

కొమ్మూఁదిరి. సోమశేఖరము గొంతు చించుకొని "ఉచ్చైఃశ్రవమా! ఐరావతమా! లగెత్తండి!" యని గర్జించెను. కుక్కలు ప్రవచనము వినుచున్న పెద్దమనుష్యులవలెఁ దలలు వాల్చి నిలువఁబడెను. బుట్టలోనుండి మెల్లగా "మెంతీ, పదమ్మా. ఇంగువా, పక్కచూపులు చాలు" అని వినవచ్చినంతనే బండి విల్లు విడిచిన బాణమై పోయెను.

"చూశావా, నా గొంతుకి ఎలా అదిరాయో!" యని వెనుకనుండి సోమశేఖరము గేకలు వైచెను. సువర్చల యెదురుగాలికి మోము దాఁచుకొని యుండుటచే నామె యేమి సమాధానము చెప్పినదో కుక్కలకే తెలియును.

దైవమే యనుకూలించెనో మెంతియే యనుకూలించెనో కాని వారి బండి సాయంకాలమునకు మూఁడవదిగా బసఁ జేరెను. సోమశేఖరము నెలవంటి వెడఁదనవ్వుతోఁ బొయ్యిచుట్టు గుమిగూడిన పందెగాండ్ర నడుమఁ గూర్చుండి సారథ్యరహస్యముల నుపదేశింప నారంభించెను. సువర్చల ముంగిట మోకాళ్లపై నిలిచి యొక్కొక్కకుక్క పాదమునుండి తడిసిన సంచి నూడఁదీసి వేళ్లసందుల వెన్న రాచుచుండఁగా మెంతి వెనుకయెడమకాలిని ముట్టుకొననీయక వెనుకకుఁ దీసికొనెను. ఆమె పట్టి చూచెను. పాదపు మెత్త నిలువునఁ జీలియుండెను. వేళ్ల నడుమ వాచి వేఁడిగా నుండెను.

"ఏవండీ, ఒక్కసారి ఇటొచ్చి మెంతి కాలు చూడండి. మెత్త చీలిపోయింది."

"చూస్తాలేవే. పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నాను, కనపట్టంలా?"

"పెద్దవాళ్ళు ఎక్కడికీ పోరు. ఇది పరిగెడితే రేపటికి కాలు పోతుంది."

"రేపొక్క పూటేగా! దానికి మాత్రం పరువుండదూ?"

కుక్కకుఁ బరువుండునో లేదో సువర్చల కెఱుక లేదు కాని కాలుండు ననుమాట యెఱుఁగును. ఆమె పాదము గడిగి మందు వైచి కట్టుకట్టెను. ఆమె కోపము పాలపొంగు వంటిది కాదు. బుసబుసమని పైకి వచ్చి నీళ్లు చిలికినంతనే కూలఁబడునది గాదు. మూఁత బిగించి మంట తగ్గించిన కుక్కరువంటిది. అది కూయకున్నంతసేపు నింటిలోనివా రన్నము సుఖముగ నుడుకుచున్న దనుకొందురు.

ఆదివారము తెల్లవాఱఁగా సోమశేఖరము మెంతినే ముందు గట్టుచుండెను.

"కాలు చూశారా?" యని యామె యడిగెను.

"చూశానన్నానుగా. సుబ్బరంగా ఉంది."

కట్టు విప్పనేలేదు. విప్పనికట్టు వెనుకఁ గాలు సుబ్బరముగా నున్నదని చూడఁగల దివ్యదృష్టి భర్తలకుఁ గాక యోగులకైనఁ గలదా?

"మిరియాన్ని ముందుకు కట్టండి. మెంతిని నా ఒళ్ళో పడుకోబెడతాను. ఎక్కించుకోవచ్చని వాళ్ళే చెప్పారుగా."

"నీ బరువు చాలదనా, మళ్ళీ దాని బరువు కూడానా? ముందు రెండే బళ్ళున్నాయే! ఊళ్ళో మనవాళ్ళకి ఏం చెప్పుకోను?"

"మీ శాలువా తీసెయ్యండి, సగం బరువు తగ్గుతుంది."

ఆతఁడు వినలేదు. కొమ్మూఁదిరి. బండ్లు గదలెను. సరస్సు నడుమకు వచ్చునప్పటికి బుట్టకు డాపలిప్రక్కగా వెనుకకుఁ బాఱుచున్న తెల్లని మంచుపై నొక యెఱ్ఱనిచుక్క సువర్చలకుఁ గానవచ్చెను. వెంటనే మఱియొకటి. మూఁడవదానికై యామె వేచి యుండలేదు.

"ఆగండర్రా!"

ఆఱుకుక్కలు నొక్కపెట్టున నిలిచెను. సోమశేఖరము మాత్రము నిలువలేక బండిపిడిపైఁ బడి దవడ కొట్టుకొనెను.

"నీకేవైనా పిచ్చి పట్టిందిటే? ముందు బళ్ళ దగ్గరికొచ్చేశాం!"

"ఆ నెత్తురు చూడండి."

"చలికి కాస్త పగిలి ఉంటుంది. పందెం అన్నాక..." అని యాతఁడు ముందరిబండ్లవంకనే చూచుచుఁ బలికి సువర్చల బుట్టలోనుండి లేవఁబోవుటఁ గని పండ్లుకొఱికి "ఇదుగో, చెబుతున్నా. కుక్క ఎక్కితే నువ్వు దిగాలి. తేల్చుకో" అనెను.

ఇట్టిమాటలు సంసారములలో సమాధానమునకై యనఁబడునవి కావు. ఎదుటివారి నోరు మూయించుటకై యనఁబడునవి. సోమశేఖరము చేసిన పొరపాటేమన నామాట వినువారు దానిని యథార్థముగాఁ గైకొనవచ్చునని యెన్నఁడును భావింపకుండుటయే.

"దిగాను" అనెను సువర్చల.

దిగి మెంతి పట్టెడ విప్పి యెత్తి బుట్టలోఁ బరుండఁబెట్టి తాను మంచులో నెడముగా నిలిచెను. సోమశేఖరము రోషావేశమున "ఐరావతమా! సుప్రతీకమా!" యని తెలిసినదిగ్గజముల నెల్లఁ బిలిచెను. కుక్క లైదును సువర్చల మోమువంకఁ జూచి యామె యేమియు ననకపోవుటచే దీరికగాఁ గూలఁబడెను. ఆతఁ డదలించెను. బ్రతిమాలెను. ఒకదానిని మెడపట్టి లేపఁబోయెను. అది యాతని చేయి నాకి మరలఁ గూర్చుండెను. నిన్న తాము దాఁటివచ్చిన బండ్లొక్కటొక్కటిగా దాఁటిపోవుచు సహాయము వలయునా యని యడుగుచుండఁగా నాతఁడు ప్రకృతిసౌందర్యముఁ దిలకించుటకై యాఁగినట్లు శాలువ సవరించుకొని చేయి యూపుచుండెను.

కడపటిబండియుఁ గనుమఱుఁగయ్యెను.

"వాటితో ఏదో ఒకటి అనవే!"

"నేనెందుకండీ? సారథి మీరు కదా."

"సరే, సరే. ఏం చెయ్యమంటావు?"

"బుట్టలో కూర్చోండి."

"నేనా? బుట్టలోనా?"

"మెంతిని ఒళ్ళో పెట్టుకోండి. శాలువా దానికి కప్పండి. నోరు మూసుకోండి."

కడపటిమాటయందును మర్యాదకు లోటు రానీయకుండుట గమనింపఁదగినది. కాకినాడ పెంపకము వృథ పోదు.

మిరియమును ముందుగట్టి సువర్చల పట్టెలపై నిలిచి "పదండర్రా" యనెను. ఏడేండ్ల కోపము వెన్నుకాసియున్న గొంతుకది. బండి కదలెను. ఎత్తుపల్లములఁ దాను దిగి త్రోయుచు మలుపులం దొరగి బరువు మార్చుచు నామె తోలుచుండఁగా బుట్టలోనివాఁడు చలికి గడగడ వడఁకుచు "కూర్చుంటే ఇంత చలేవిటే!" యని మూలిగెను. నిన్న దినమంతయు నా బుట్టలోఁ గూర్చున్నవారెవరో యాతనికి స్ఫురింపలేదు. ఆమెయు జ్ఞాపకము చేయలేదు. వారు గమ్యముఁ జేరునప్పటికిఁ జప్పట్లు కొట్టు జనమును లేరు. గుడ్డతోరణము నొక వంక విప్పివేసియుండిరి.

ఆ సాయంకాలము విందుశాలయందు సోమశేఖరము చలి వదలి నోరు మరలఁ దెఱచెను. ఆ దేశభాషలోఁ దడఁబాటు లేక మాటాడఁగలవాఁ డగుటచే విజయము చేతికందుచున్న సమయమున మూఁగజీవి వేదనకుఁ దన హృదయము ద్రవించుటయు గెలుపును దృణీకరించి దానిని దనయొడిలోఁ జేర్చుకొనుటయు సన్మానపుశాలువతోఁ గప్పుటయు గద్గదస్వరమున వర్ణించెను. ఒక్క యబద్ధమును లేదు. క్రమము మాత్రమే మాఱెను. వినువారి కనులు చెమర్చెను. పశువైద్యమునఁ దలపండిన పందెపుఁబెద్ద మారిత్ అను ముదుసలి లేచి కుక్కలపై దయ చూపినవారికి బహుమతిగా నీయ నుంచిన చెక్కడపుఁ గొయ్యగిన్నెను జేతఁ బట్టుకొని యాతని దగ్గఱకు వచ్చెను. సువర్చల బల్లకుఁ గడపటిచోటఁ గూర్చుండి పులుసుగిన్నెలోఁ జెంచాను బెట్టి మరలఁ దీయలేదు.

"పాపము, గాయ మే కాలికి?" అని మారిత్ యడిగెను. అందుఁ గపటము లేదు. వైద్యురాలు గావున నడిగెను.

"కుడికాలికి" అనెను సోమశేఖరము. అనియు నాఁగక "ముందరి కుడికాలు" అని విశదపఱచెను.

మారిత్ చూపు బల్లక్రిందికిఁ బోయెను. ఆ చూపు వెంట నందఱచూపులుం బోయెను. అక్కడ మెంతి వెనుకయెడమకాలిని జాఁచుకొని కట్టుచుట్టును బహుశ్రద్ధతో నాకుకొనుచుండెను. సోమశేఖరము భార్యవంకఁ దిరిగెను. పేరంటమున బంధువుపేరు మఱచినను సంకల్పమున గోత్రము తడఁబడినను ఆతఁ డటు తిరుగుటయు నామె పెదవులు గదపి యందించుటయుఁ బెండ్లినాఁటనుండి వచ్చు నాచారము. సువర్చల యిప్పుడు నాతనినే చూచుచుండెను. పెదవులు గదలలేదు.

చూడ నొల్లనివానికి నొడిలోని గాయమైనను దూరదేశమందే యుండును.

మారిత్ చేతిలోని గిన్నెను ముందున కీయను వెనుకకుఁ దీయను దోఁపక నిలిచియుండఁగా సువర్చల లేచి వచ్చి దాని నామె చేతినుండి తానే తీసికొని తన పులుసంతయు నందు వంపి బల్లక్రింద మెంతి ముందు పెట్టెను. పెట్టి లేవక యచ్చటనే నేలపైఁ గూర్చుండెను. నిండుసభయం దంతసేపు వినవచ్చినది మెంతి పులుసు జుఱ్ఱుకొను చప్పు డొక్కటియే.